మేకల వెంట కొండ మీదికి



ముందుగా మీకొక చిన్నపిల్లను చూపిస్తాను. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని వినండి, కనిపిస్తుంది.

జూన్ నెల. ఎండ చురుక్కుమంటోంది. నిటారుగా ఉన్న కొండదారి. ఐదేళ్ల పిల్ల ఆ దారిన పైకి నడుస్తోంది. కొండ మీద ఉండే తాత దగ్గర వదలడానికి వాళ్ల పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతోంది. ఆ ఎండలో పిల్ల ఒంటి మీద ఒకదాని మీద ఒకటి రెండు గౌన్లు. వాటి మీద పెద్ద ఎర్రటి శాలువా. కాళ్లకు అడుగున మేకులు కొట్టిన బరువైన బూట్లు. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఎందుకన్ని బట్టలు? పిన్నికి మూట మోయడం కష్టం. అందుకని పిల్లకున్న బట్టలన్నీ పిల్ల ఒంటికే తగిలించేసింది.

దారిలో పిన్నికి తెలిసినావిడ కలిసింది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. ఇంతలో మేకల్ని తోలుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. మోకాళ్ల దాకా లాగు. చెంగుచెంగున ఎక్కిపోతున్నాడు. పిల్ల వాడి కాళ్లకేసి చూసింది. మేకల సన్నటి కాళ్లకేసి చూసింది. ఉన్నట్టుండి నేల మీద కూర్చుంది. బూట్లు విప్పేసింది. మేజోళ్లు లాగేసింది. శాలువా తీసేసింది. ఆ గౌను, ఈ గౌను తీసేసింది. అన్నీ ఒకచోట బుద్ధిగా పెట్టింది. లోపలి పల్చటి చొక్కాతో లేచి, మేకల మధ్యన పడి పరుగు తీసింది.

ఆ పిల్ల పేరు హైడీ. ఆ పుస్తకం పేరూ 'హైడీ'యే. రాసినావిడ యొహానా స్పీరి. స్విట్జర్లాండ్ దేశస్థురాలు. 1880లో మొదటి భాగం వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల్లో, మైయెన్‌ఫెల్డ్ అనే ఊరికి పైన కొండల్లో కథ జరుగుతుంది.

ఇంతకీ ఆవిడ ఆ పేజీల్లో కొండ ఎత్తు ఎన్ని అడుగులో చెప్పలేదు. పర్వతం అంటే ఏమిటో నిర్వచనం ఇవ్వలేదు. ఒక పిల్ల చేత బట్టలు విప్పించింది, అంతే. ఆ మాట చదివిన పిల్లలకు ఏం తెలిసింది? కొండ ఎక్కితే ఒళ్లు వేడెక్కుతుందని తెలిసింది. బరువు పనికిరాదని తెలిసింది. కొండ మీద ఎలా నడవాలో మేకకు తెలుసని తెలిసింది. ఇదంతా కాళ్లకు తెలిసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. కొండ సంగతి కాళ్లకు తెలియాలి.

నేను కోనసీమలో పుట్టాను. మా ఊళ్లో ఎటు చూసినా కొబ్బరిచెట్లు, వరిచేలు, కాలవలు. కొండ అన్నది లేదు. మాకు ఎత్తు అంటే ఏటిగట్టు. బళ్లో భూగోళం పాఠంలో హిమాలయాలు చదివాం. పేర్లు, ఎత్తులు బట్టీ పట్టాం. పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి. బొమ్మ గీయమంటే రెండు త్రికోణాలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెట్టేవాళ్లం. ఆ త్రికోణాల మీద ఒక ఇల్లు గీయాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అక్కడ మనుషులు ఉంటారని ఆ పాఠం మాకు చెప్పనే లేదు.

నాకు కొండను మొదట చెప్పింది మా అమ్మమ్మ. తొమ్మిదేళ్లప్పుడు అలిపిరి నుంచి మెట్లదారిన తిరుమల తీసుకెళ్లింది. మొదట్లో పరిగెత్తాను. గాలిగోపురం దాకా వెళ్లేసరికి ఆయాసం. చివర్లో ఒకచోట మెట్లు మరీ నిటారుగా ఉంటాయి. ఎక్కినవాళ్లకు తెలుసు. అక్కడ మా అమ్మమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఒక్కో మెట్టే ఎక్కుతూ, "దీన్నేమంటారో తెలుసా అమ్మా, మోకాళ్ల పర్వతం" అంది. రామానుజులవారు ఈ కొండను పాదాలతో తొక్కలేక మోకాళ్ల మీద ఎక్కారని కథ చెప్పింది. ఆ కథ ఎంత విన్నానో ఏమో గాని, ఆ పేరు మాత్రం నా మోకాళ్లలోకి దిగింది. మోకాళ్ల పర్వతం! ఎత్తు ఎంతో చెప్పకుండా ఎంత నొప్పో చెప్పే పేరు. మన భాషలో ఎవరో ఎప్పుడో పెట్టిన ఆ పేరు, నేను చదివిన భూగోళం పాఠం కంటే కొండ గురించి నాకు ఎక్కువ నేర్పింది.

మంచి పిల్లల పుస్తకం చేసే పని కూడా అదే. కొండ సంగతి కాళ్లకు తెలియజేస్తుంది.

సరే, హైడీ వెంట వెళ్లిన ఆ మేకల కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడి పేరు పీటర్. వాడు తోలుకెళ్లే మేకలు వాడివి కావు. పొద్దున్నే ఊళ్లోకి దిగి ఇంటింటి మేకల్నీ పోగుచేసుకుంటాడు.  వాడు అందరి మేకల్నీ పైన గడ్డి ఉన్న చోటికి తీసుకెళ్తాడు. సాయంత్రం దించుకొచ్చి ఈల వేస్తాడు. పిల్లలు వచ్చి ఎవరి మేకను వాళ్లు తోలుకుపోతారు. దారిలో హైడీ వాళ్ల తాత రెండు మేకలు కూడా మందలో కలుస్తాయి.

ఇంత చిన్న సంగతిలో ఒక కొండ ఊరి బతుకంతా ఉంది, చూశారా? ఊరి చుట్టూ గడ్డి చాలదు. గడ్డి పైన ఉంది. ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి రోజూ అంత పైకి వెళ్లలేడు. అందుకని ఊరంతటికీ ఒక కాపరి. ఇవేవీ రచయిత్రి విడమరిచి చెప్పదు. ఈల వినిపిస్తుంది. మేకలు బయల్దేరతాయి. చదివే పిల్లలు వాటి వెంట బయల్దేరతారు.

హైడీ మేకల వెంట మేతకు వెళ్లిన మొదటి రోజు సాయంత్రం పైన ఇంకో ముచ్చట జరుగుతుంది. సూర్యుడు దిగుతుంటే ఎదురుగా ఉన్న రాళ్లూ మంచుకొండలూ ఎర్రగా వెలిగిపోతాయి. కొండలు అంటుకున్నాయని హైడీ కేకలు పెడుతుంది. పీటర్ తాపీగా, రోజూ ఇంతే, అది మంట కాదంటాడు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. కొత్తగా వచ్చిన పిల్లకు అది అద్భుతం. అక్కడే పుట్టిన కుర్రాడికి అది ఇంటికి వెళ్లే వేళ. ఒకే కొండ, రెండు జతల కళ్లు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి.

ఆ దేశం నుంచే ఇంకో పుస్తకం చెబుతాను. ఇది చిన్నపిల్లల బొమ్మల పుస్తకం. ఉర్స్‌లి అనే అబ్బాయి కథ. సెలీనా షోంట్స్ రాసింది, అలోయిస్ కారిజియెట్ బొమ్మలు వేశాడు. 1945లో వచ్చింది. మొదట రాసింది రొమాంష్ భాషలో. ఆ కొండలోయల్లో కొద్దిమందే మాట్లాడే భాష అది.

కథ ఇది. మార్చి ఒకటో తారీఖున ఆ ఊళ్లలో పండగ. మగపిల్లలు ఆవుల మెడ గంటలు మోగిస్తూ వీధుల వెంట తిరుగుతారు. చలికాలాన్ని తరిమేస్తారన్నమాట. పెద్ద గంట ఉన్నవాడు ముందు నడుస్తాడు. ఉర్స్‌లికి దొరికింది అందరికంటే చిన్న గంట. తోటివాళ్లు నవ్వారు. వాడికి ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పైన కొండ మీది తమ గుడిసెలో పెద్ద గంట ఒకటి వేలాడుతోందని. ఎవరికీ చెప్పకుండా మంచులో పడి నడుస్తూ ఒక్కడే పైకి వెళ్లాడు. గంట దొరికింది. అలిసిపోయి ఆ రాత్రి అక్కడే నిద్రపోయాడు. కింద ఇంట్లో అమ్మా నాన్నా కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నారు. తెల్లారాక గంటతో దిగొచ్చాడు. ఊరేగింపులో వాడే ముందు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పైన కొండ మీద వాళ్లకు ఇంకో గుడిసె ఎందుకుంది? వేసవి విడిది అనుకుంటున్నారా? కాదండీ. చలికాలం పోయాక మంచు కింద నుంచి పైకి కరుగుతూ పోతుంది. గడ్డి కూడా అదే వరసలో, కింద ముందు, పైన తర్వాత మొలుస్తుంది. పశువులు ఆ గడ్డి వెంట పైకి వెళ్తాయి. మనుషులు పశువుల వెంట వెళ్తారు. వసంతకాలంలో సగం ఎత్తులో ఉన్న గుడిసె. నడివేసవిలో ఇంకా పైన. చలి మొదలయ్యేసరికి మళ్లీ కిందికి. మన ఊళ్లో పొలం ఇంటి చుట్టూ పరుచుకుని ఉంటుంది. వాళ్లకు పొలం నిలబడి ఉంటుంది. మనకు పై పొలం, కింది పొలం అంటే కాలవ నీరు ముందు ఎవరికి అందుతుందన్న మాట. వాళ్లకు పై పొలం, కింది పొలం అంటే ఏ నెలలో ఎక్కడ ఉండాలన్న మాట. ఈ పాఠం ఎంత పెద్దది! దాన్ని ఆ పుస్తకం ఒక గంట కోసం ఏడ్చిన పిల్లవాడి చేత చెప్పించేసింది. ఆ గంట కింద ఇంట్లోనే ఉంటే కథే లేదు.

ఆ బొమ్మలు వేసిన కారిజియెట్ అదే కొండ ప్రాంతంలో పుట్టిన మనిషి. గ్వార్దా అనే ఊరికి వెళ్లి, అక్కడి ఇళ్ల గోడల మీది చెక్కుడు ముగ్గుల్ని చూసి, ఉర్స్‌లి ఇంటిని అలా వేశాడు. పిల్లల పుస్తకాల చిత్రకారులకిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ బహుమతి మొట్టమొదట, 1966లో, ఆయనకే దక్కింది.

ఇప్పుడు కొంచెం చేదు మాట చెప్పాలి.

మన పెద్దలు ఎంత బాగా అన్నారు, దూరపు కొండలు నునుపని. పిల్లల పుస్తకాలు కూడా కొన్నిసార్లు కొండల్ని నున్నగా చేసేస్తాయి. నేను ఇంతగా ప్రేమించే హైడీ కూడా అందుకు మినహాయింపు కాదు. కథలో క్లారా అనే పట్నం పిల్ల ఉంది. నడవలేదు. చక్రాల కుర్చీలో ఉంటుంది. కొండ మీదికి వచ్చి, మేకపాలు తాగి, ఆ గాలి పీల్చి, చివరికి లేచి నడుస్తుంది. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. కానీ అది పట్నం వాళ్ల కల. ఆ రోజుల్లో ఐరోపా ధనవంతులు ఆరోగ్యం కోసం ఆల్ప్స్‌కు వెళ్లేవారు. వాళ్లకు కొండ ఒక మందు. అదే కొండ మీద పీటర్ వాళ్ల గుడ్డి నాయనమ్మ గట్టి నల్లరొట్టె నమల్లేక అవస్థ పడుతుంటుంది. గాలి వీస్తే వాళ్ల గుడిసె కిర్రుకిర్రుమంటుంది. ఈ రెండో సంగతి కూడా రాసింది కాబట్టే స్పీరి గొప్ప రచయిత్రి అంటాను నేను. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మనం క్లారా దగ్గర ఆగిపోతాం. నాయనమ్మ దగ్గర కూడా ఆగుదాం.

అదే దేశంలో ఇంకో కొండ లోయ. వెర్జాస్కా లోయ. అక్కడి పేద ఇళ్ల పిల్లల్ని ఒకప్పుడు ఇటలీలోని మిలాన్ నగరానికి పంపేసేవారు. పని ఏమిటంటే, ఇళ్ల పొగగొట్టాల్లోకి దూరి మసి దులపడం. చిన్న పిల్లలైతేనే ఆ గొట్టాల్లో పడతారు. 1940ల మొదట్లో లీసా టెట్స్‌నర్ ఈ పిల్లల మీద 'నల్ల సోదరులు' అనే నవల రాసింది. అందులో జోర్జో అనే అబ్బాయి. వాన లేదు, పంట లేదు, అమ్మ కాలు విరిగింది, వైద్యుడికి ఇవ్వడానికి డబ్బు లేదు. నాన్న కొడుకుని అమ్మేస్తాడు. ఇందులోనూ అందమైన ఆల్ప్స్ కొండలే. చదివే పిల్లలకు మాత్రం ఇంకో ముఖం కనిపిస్తుంది. కొండ మీద పుట్టినవాళ్లు ఎందుకు దిగిపోవలసి వస్తుందో తెలుస్తుంది. దిగడం కూడా కాళ్లకు తెలియాల్సిన సంగతే.

మన దేశానికి వద్దాం. హిమాలయాల్లో ముస్సోరీ పక్కన లాండౌర్ అనే చోట రస్కిన్ బాండ్ ఉంటారు. 1934లో పుట్టారు. ఎన్నో దశాబ్దాలుగా ఆ కొండల మనుషుల గురించి పిల్లలకు రాస్తూ ఉన్నారు. ఆయన 'నీలం గొడుగు' కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గఢ్వాల్ కొండల్లో బిన్యా అనే అమ్మాయి. ఆవుల్ని మేపుకుంటుంది. షికారుకొచ్చిన పట్నం వాళ్ల దగ్గర నీలం గొడుగు చూసి, తన మెడలోని చిరుతపులి గోరు ఇచ్చి ఆ గొడుగు తీసుకుంటుంది. చూడండి, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఏముందో. పట్నం వాళ్లకు పులిగోరు వింత. కొండపిల్లకు గొడుగు వింత. చిరుత అక్కడ బొమ్మ కాదు, ఊరి పక్కన తిరిగే జంతువు.

ఆయనదే 'కొండ మీద దుమ్ము' అనే ఇంకో కథ ఉంది. దాన్ని మన పిల్లలందరూ వినాలని నా కోరిక. బిష్ణు అనే అబ్బాయి. ఆ ఏడు వానలు లేవు. అడవికి నిప్పు అంటుకుంది. పండ్లచెట్లు ఎండిపోయాయి. వాడు డబ్బు సంపాదించడానికి ముస్సోరీ వెళ్తాడు. ముందు సినిమా హాల్లో టీ అమ్ముతాడు. తర్వాత సున్నపురాయి తీసుకెళ్లే లారీ మీద పనికి కుదురుతాడు. కొండకు మందు పెట్టి పేలుస్తారు. పచ్చగా ఉండాల్సిన కొండ బోడిగా, తెల్లగా, దుమ్ముకొట్టుకుపోయి కనిపిస్తుంది. ఒకనాడు లారీ అదుపు తప్పి లోయలోకి పోతుంటే ఒక చెట్టు అడ్డుపడి ఆపుతుంది. ఆ వాలు మీద మిగిలిన చెట్టు. దాని వల్ల బతుకుతారు. వాడు ఇంటికి వెళ్లిపోతాడు.

ఇది కల్పన, కానీ గాల్లోంచి పుట్టలేదు. ముస్సోరీ కొండల్ని సున్నపురాయి కోసం నిజంగానే తవ్వేశారు. నీటి ఊటలు దెబ్బతిన్నాయి. అక్కడి వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1985లో సుప్రీంకోర్టు చాలా క్వారీలను మూయించింది. పిల్లలకు కోర్టు తీర్పు చదివి వినిపించలేం. ఆ ఒక్క చెట్టు కథ చెప్పగలం. గ్రానైట్ కోసం కొండల్ని కోస్తున్న ఊళ్లు మనకూ ఉన్నాయి. నిన్నటి దాకా కిటికీలోంచి కనిపించిన గుట్ట ఇవాళ సగమే ఉన్న ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల పిల్లలకు బిష్ణు కథ చెబితే ఎవరి గురించో చెప్పినట్టు ఉండదు.

ఇంతవరకూ నేను చదువరి పిల్లలంటే పల్లపు నేల పిల్లలే అన్నట్టు మాట్లాడాను. అది పొరపాటు. కొండ మీద పుట్టిన పిల్లలు కూడా పుస్తకం తెరుస్తారు కదా. వాళ్లకు అందులో ఏం కనిపిస్తుంది?

ఈ ప్రశ్న మన దగ్గర నూరేళ్లకు ముందే ఒకాయనకు వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పోరాటానికి ముందే ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవరల్ని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి నేర్చుకున్నారు. వాళ్ల కథలూ పాటలూ సేకరించారు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆ తిరుగుళ్లలో మన్యం జ్వరం పట్టుకుంది. దానికి క్వినైను వాడీ వాడీ వినికిడి పోయింది. ఒక భాషను వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి. రేడియోలో ఈ మాట చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. పిల్లవాడికి ఇంట్లో రాని మాటతో బళ్లో చదువు మొదలుపెట్టకూడదు. ఆ ఆలోచనతోనే చాలా ఏళ్ల తర్వాత, ఈ శతాబ్దం మొదట్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి వంటి భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారయ్యాయి. రొమాంష్ మాట్లాడే ఉర్స్‌లి తన భాషలోనే పుస్తకంలోకి వచ్చాడని ఇందాక చెప్పాను కదా. అందుకే ఆ మాట చెప్పాను.

కొన్నేళ్ల కిందట సీతంపేట కొండల్లో ఒక సవర ఊరికి వెళ్లాను. రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా కట్టిన వరిమళ్లు. మెట్టు మెట్టుకీ దిగే వాగు నీళ్లు. చింతచెట్టు కింద పదిహేనుమంది పిల్లలు. వాళ్లకు హైడీ కథ చెప్పడం మొదలుపెట్టాను. బట్టలు విప్పేసిన దగ్గర అందరూ నవ్వారు. ఈల వేసిన దగ్గర ఒకడు ఈల వేసి చూపించాడు. పీటర్ ఒక్కడే ఊరి మేకలన్నిటినీ పైకి తోలుకెళ్లాడని చెప్పాను.

ముందు వరసలో ఎనిమిదేళ్ల అమ్మాయి ఉంది. మొహం చిట్లించింది.

"ఒక్కడేనేటి టీచర్?" అంది.

"ఒక్కడే" అన్నాను.

"మరి ముందొకలు, ఎనకొకలు ఉండాల గదా. ఎనకబడిన మేకని ఎవులు సూస్తారు?"

నేను పేజీ తిప్పాను. తర్వాత వచ్చే ఘట్టం ఇది. మిట్టమధ్యాహ్నం ఒక మేక మందలోంచి తప్పుకుంటుంది.  అది లోయ అంచున రాళ్ల మీద గెంతుతోంది. ఇంకొక్క గెంతు గెంతితే పడిపోతుంది. పీటర్ పరిగెత్తి వెళ్లి తట్టుకుని బోర్లా పడి, పడుతూ పడుతూనే దాని కాలు దొరకబుచ్చుకుంటాడు. లేవలేడు, వదల్లేడు. హైడీని కేకేస్తాడు. హైడీ మంచి వాసనేసే ఆకు కోసుకొచ్చి మేక ముక్కు ముందు పెట్టి, బుజ్జగించి వెనక్కి రప్పిస్తుంది. ముందొకరు, వెనకొకరు.

చదవడం అయిపోయింది. ఆ అమ్మాయి పక్కనున్న తమ్ముణ్ణి మోచేత్తో ఒక్కటి పొడిచింది. వాడు లేచి నిలబడ్డాడు. వాళ్లింటి మేకల్లో రోజూ వెనకబడే మేక ఏదో, దాని చెవికి మచ్చ ఎక్కడుందో, అది ఏ ఆకు చూపిస్తే వస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని విన్నాను.